రూపాయి వడ్డీ అప్పు ముందు, నాలుగు రూపాయల వడ్డీ అప్పు వెనుక: ఒక ఇంటి లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో సూపర్‌వైజరుగా పనిచేసే ఒకాయన, ఇంట్లోనే కుట్టుపని చేసే ఆయన భార్య 2025 ఆషాఢంలో నా దగ్గరకు వచ్చారు. ఆయనకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి వారితోనే ఉంటారు. వారు ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు లేవు, అంకెలను కాస్త గుండ్రం చేశాను. నేను పాలసీలు అమ్మను, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. కుటుంబాలతో కూర్చుని ఇంటి లెక్కలు వేయడం, అప్పులు తీరే దారి వెతకడం నా పని.

"జీతం సరిపోవడం లేదు మేడమ్, దుబారా ఎక్కడో తెలియడం లేదు" అన్నారాయన. ఈ మాట చాలా ఇళ్లలో వింటాను. దుబారా కోసం వెతికితే సాధారణంగా హోటల్ బిల్లులు, సినిమాలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు దొరుకుతాయి. ఈ ఇంట్లో అవి దాదాపు లేవు. ఆయన చేతికి వచ్చే జీతం 34 వేలు. ఆమె కుట్టుపని శ్రావణంలో, పెళ్లిళ్ల మాసాల్లో 16 వేల దాకా తెస్తుంది, పుష్యంలో ఐదారు వేలకు పడిపోతుంది. ఏడాది సగటు తీస్తే నెలకు 11 వేలు. అంటే ఇంటి ఆదాయం 45 వేలు.

ఖర్చు: అద్దె 8 వేలు, సరుకులు, పాలు, కూరగాయలు 9 వేలు, స్కూలు ఫీజులను పన్నెండు నెలలకు పంచితే నాలుగున్నర వేలు, పెట్రోలు 1,800, కరెంటు, గ్యాసు, ఫోన్లు కలిపి 2,400, పెద్దావిడ మందులు 1,500, మిగతావన్నీ 2,800. మొత్తం 30 వేలు. నలుగురైదుగురున్న ఇంటికి ఇది పొదుపైన బతుకే. కోయడానికి ఇక్కడ పెద్దగా ఏమీ లేదని మొదటి గంటలోనే చెప్పేశాను. మిగిలే 15 వేలు ఎటు పోతున్నాయన్నదే అసలు ప్రశ్న.

అప్పులన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం

అప్పుల గురించి అడిగితే ఒక్కోదాన్ని ఒక్కో భాషలో చెప్పారు. బండి ఫైనాన్సు "పదకొండు శాతం". బంగారం "ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాస్తాం". చీటీ "ముప్పై శాతానికి పాడాం". కార్డు "నెలకు నాలుగు వేల మూడు వందలు కడితే చాలు". బావగారి నోటు "రూపాయి వడ్డీ". ఇలా చెప్పుకుంటే ఏది చవకో, ఏది ఖరీదో ఎవరికీ తెలియదు. అందుకే మన ఊళ్లలో అందరికీ అలవాటైన కొలతనే తీసుకుంటాను: నూటికి నెలకు ఎన్ని రూపాయలు? ఏడో తరగతి చదివిన అమ్మమ్మకైనా ఈ లెక్క అర్థమవుతుంది, వార్షిక శాతాలు చెబితే డిగ్రీ చదివినవారు కూడా తడబడతారు.

రెండు అప్పుల విషయంలో కాస్త శ్రమ పడవలసి వచ్చింది.

బండి అప్పు 90 వేలు, మూడేళ్లకు పదకొండు శాతం. ఇది 'ఫ్లాట్' వడ్డీ. అంటే వాయిదాలు కడుతూ అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 90 వేల మీదే వేస్తారు. మూడేళ్లకు వడ్డీ 29,700, నెల వాయిదా 3,325. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి పందొమ్మిదిన్నర శాతం, నూటికి నెలకు రూపాయి అరవై మూడు పైసలు. "షోరూములో రూపాయి లోపే అన్నారే!" అన్నారాయన. వారు అబద్ధమాడలేదు. ఫ్లాట్ లెక్కలో అది తొంభై రెండు పైసలే.

చీటీ లెక్క ఇంకా చిక్కు. రెండు లక్షల చీటీ, నలభై నెలలు. ఎనిమిదో నెలలో 60 వేలకు పాడి 1,40,000 తీసుకున్నారు. ఆ అరవై వేలలో చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 14 వేలు. 2019 సవరణ తర్వాత చిట్ ఫండ్ చట్టం ప్రకారం చీటీ మొత్తంలో ఏడు శాతం దాకా తీసుకోవచ్చు. మిగిలిన 46 వేలు నలభై మందికీ పంచారు. చీటీ పాసుపుస్తకంలో నెలనెలా కట్టిన మొత్తాలు వరసగా ఉన్నాయి: మొదట్లో 3,850, తర్వాత పాటలు తగ్గేకొద్దీ పెరుగుతూ 4,300 దాకా. పాడకముందు కట్టినది సొంత సొమ్ము కాబట్టి దాన్ని పక్కకు తీసి, నిజంగా చేతికి వచ్చిన అప్పెంత, దానికి కట్టేదెంత అని లెక్కిస్తే రూపాయి యాభై ఏడు పైసలు తేలింది. చీటీలు చెడ్డవని నేను అనను. రిజిస్టరైన చీటీలో చివరిదాకా ఆగేవారికి అది పొదుపు. ఎనిమిదో నెలలో ముప్పై శాతానికి పాడినవారికి మాత్రం అది రూపాయిన్నర వడ్డీ అప్పే.

క్రెడిట్ కార్డు వడ్డీ నెలకు 3.6 శాతం. దానిమీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నాలుగు రూపాయల పాతిక పైసలు.

ఇంతలో ఆయన క్రెడిట్ నివేదిక తెరిచాం. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. నా దగ్గరకు వచ్చే ప్రతి జంటతోనూ దాన్ని తీయిస్తాను, అదీ ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే. నివేదికలో ఆమెకు తెలియని పద్దు ఒకటి కనిపించింది: ఫోన్ యాప్‌లో తీసుకున్న వ్యక్తిగత రుణం, ఇంకా పదకొండు వాయిదాలు, అసలు దాదాపు 25 వేలు. రెండున్నర రూపాయల వడ్డీ. ఆయన తల దించుకున్నారు. ఆమె ఏమీ అనలేదు. కాసేపాగి సంచిలోంచి పోస్టాఫీసు ఆర్‌డీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నెలకు 500 చొప్పున 38 వాయిదాలు. "ఇతర ఖర్చులు" అని రాసుకున్న 2,800లో అది దాక్కుని ఉంది. దాని సంగతి ఆయనకు తెలియదు. ఆ బల్ల దగ్గర ఒకరిది దాచిన అప్పు, ఇంకొకరిది దాచిన పొదుపు. నా అనుభవంలో ఈ రెండూ తరచుగా ఒకే ఇంట్లో ఉంటాయి.

వడ్డీ వరసలో పేరిస్తే జాబితా ఇలా వచ్చింది:

- క్రెడిట్ కార్డు: 86 వేలు, వడ్డీ 4 రూపాయల 25 పైసలు
- యాప్ రుణం: 25 వేలు, 2 రూపాయల 50 పైసలు
- బండి: సుమారు 41 వేలు, 1 రూపాయి 63 పైసలు
- చీటీ: ఇంకా ఇరవై వాయిదాలు, సుమారు 90 వేలు, 1 రూపాయి 57 పైసలు
- బంగారం మీద: 1,40,000, 1 రూపాయి 50 పైసలు
- బావగారి నోటు: లక్ష, 1 రూపాయి

మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు దాటింది. నెలనెలా వీటికి వెళ్లేది, బంగారం మీద వడ్డీని, ఒక జీవిత బీమా పాలసీ ప్రీమియాన్ని నెలలకు పంచి కలిపితే, 18,825. ముప్పై వేల ఇంటి ఖర్చుతో కలిసి 48,825. ఆదాయం 45 వేలు. నెలకు 3,825 తక్కువ పడుతోంది. ఆ తక్కువను కార్డు మోస్తోంది. నెలాఖరు సరుకులు, పెట్రోలు దానిమీదే.

కార్డు వైపు చూస్తే పరిస్థితి ఇంకా స్పష్టమవుతుంది. వారు కట్టే 4,300లో వడ్డీ, జీఎస్టీకే 3,653 పోతుంది. అసలుకు చేరేది 647. అదే నెలలో కొత్తగా గీకేది 3,825. అంటే "ప్రతి నెలా తప్పకుండా కడుతున్నాం" అన్నవారి బాకీ నెలకు మూడు వేలకు పైగా పెరుగుతోంది. కార్డు పరిమితి లక్ష. ఇంకో నాలుగైదు నెలల్లో అది నిండుతుంది, తర్వాత ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు. పైగా ఒకసారి బాకీ మిగిల్చాక కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఈ సంగతి ఇద్దరికీ కొత్త.

ఎందుకిలా జరిగింది

పై జాబితాను తలకిందులు చేస్తే, వారు అప్పులు తీరుస్తూ వచ్చిన వరస దొరుకుతుంది. ఈ కేసులో ప్రధాన విషయం ఇదే.

బావగారు అంటే ఆయన అక్క భర్త. చెల్లెలి పెళ్లికి రెండు లక్షలు ప్రోనోటు మీద ఇచ్చారు. ఎన్నడూ అడగలేదు. కానీ పండక్కి వెళ్లిన ప్రతిసారీ ఆయన ముఖం చూడలేకపోయానని మా క్లయింట్ చెప్పారు. అందుకే చీటీ పాడి వచ్చిన 1,40,000లో లక్ష తీసుకెళ్లి బావగారి చేతిలో పెట్టారు. మిగిలిన నలభై వేలు స్కూలు ఫీజులకు, బంగారం వడ్డీకి సరిపోయాయి. అప్పటికి కార్డు బాకీ 48 వేల దగ్గర ఉంది. ఆ లక్షలో 48 వేలు కార్డుకు కట్టి ఉంటే నెలకు 2,040 వడ్డీ ఆగేది; బావగారికి అంత సొమ్ముకు నెలకు 480 వడ్డీ ఇస్తే సరిపోయేది. తేడా నెలకు 1,560, ఏడాదికి పద్దెనిమిది వేలకు పైచిలుకు. రూపాయిన్నర పైన వడ్డీకి చీటీ పాడి, రూపాయి వడ్డీ అప్పు తీర్చి, నాలుగు రూపాయల అప్పును అలాగే ఉంచారు.

ఆయన తెలివితక్కువవారు కాదు. షెడ్డులో రేకు కొలతల్లో, కూలీ లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి. అప్పును ఆయన కొలిచింది వడ్డీతో కాదు, పరువుతో. కార్డుకు ముఖం లేదు, కనుక సిగ్గు లేదు. బ్యాంకు సందేశం పంపుతుంది, కనీస మొత్తం కడితే ఊరుకుంటుంది. బావగారు ఊరుకున్నా మనసు ఊరుకోదు. నేను చూసిన ఇళ్లలో సగానికి పైగా అప్పులు తీరేది ఈ పరువు వరసలోనే. ఖర్చుల పుస్తకం రాయమని ఎంత చెప్పినా ఈ చిక్కు అందులో కనపడదు, ఎందుకంటే పుస్తకంలో రెండూ "కట్టినది" అనే ఒకే గడిలో పడతాయి.

బావగారి నోటు

"కార్డు ముందు అంటున్నారు, నిజమే. కానీ మిగిలిన లక్ష ఇవ్వకుండా నేను బావగారి ముందు తలెత్తుకోలేను మేడమ్" అన్నారాయన రెండోసారి వచ్చినప్పుడు. వడ్డీ లెక్క ఇంకోసారి చెబితే లాభం లేదు. ఆయనకు లెక్క అర్థమైంది, దారి కావాలి.

నోటు రాసి రెండేళ్ల పది నెలలైంది. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఇంకో రెండు నెలలు పోతే బావగారి చేతిలోని కాగితానికి కోర్టులో విలువ ఉండదు. మర్యాదస్థుడు కనుక ఆయన అడగరు, వీరికా సంగతే తెలియదు. గడువులోపు కొంత వడ్డీ కట్టి, నోటు వెనుక అప్పు తీసుకున్న వ్యక్తే తన చేతిరాతతో చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. "మీరే వెళ్లి, ఆయన అడగకముందే చెల్లు రాయండి. అసలు ఎప్పటి నుంచి కట్టగలరో చెప్పండి. నెల వడ్డీ వెయ్యి ప్రతి అయిదో తేదీకి ఆయన ఖాతాలో పడేలా బ్యాంకులో పెట్టించండి" అన్నాను.

గుడివాడ వెళ్లి అలాగే చేశారు. బావగారు నోటును తిప్పి చూసి నవ్వి, "ఇదంతా ఎందుకయ్యా" అన్నారట. కానీ ఆ సాయంత్రం ఆయనే "బంగారం సంగతి ఏమిటి?" అని అడిగారట. నా ప్రణాళికలో ఎక్కడా లేని అడుగు అది.

బంగారం

తాకట్టులో 46 గ్రాములు ఉన్నాయి: నాలుగు గాజులు, ఒక హారం, ఒక నల్లపూసల గొలుసు. మూడేళ్లుగా ప్రతి ఆషాఢంలో వడ్డీ కట్టి తిరగరాస్తున్నారు. ఈసారి కట్టవలసిన వడ్డీ 25,200. చేతిలో లేదు. జూన్‌లో స్కూళ్లు తెరిచి ఫీజులు, వెంటనే ఈ వడ్డీ. ప్రతి ఏడాదీ ఈ రెండూ కలిసి వస్తాయి, ప్రతి ఏడాదీ కార్డో ఇంకో అప్పో వాటిని మోస్తుంది.

ప్రభుత్వ రంగ బ్యాంకుకు మారిస్తే ముప్పావలా వడ్డీకి దొరుకుతుంది. అది ఒక దారి. రెండో దారి, కొంత బంగారం అమ్మి మిగతాది ఇంటికి తెచ్చుకోవడం. 2025 జులైలో 22 కేరట్ల బంగారం గ్రాము తొమ్మిది వేల పైన ఉంది. రెండు దారుల లెక్కలూ కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాను. ఇవి ఆమె పుట్టింటివారు పెట్టినవి, స్త్రీధనం. ఆయనను కాసేపు మాట్లాడవద్దని చెప్పాను.

ఆమె వారం తీసుకుంది. తర్వాత "గాజులు ఇచ్చేద్దాం. హారం అమ్మ పెట్టినది, అది నా కూతురికి కావాలి" అంది.

అమ్మాలంటే ముందు విడిపించాలి. "కుదువ బంగారం మేమే విడిపించి కొంటాం" అని బోర్డులు పెట్టేవారు ఉన్నారు. ఆ సేవకు ధరలో గట్టిగానే కోస్తారు. బావగారు ముందుకొచ్చింది ఇక్కడే. అసలు, ఏడాది వడ్డీ కలిపి 1,65,200. రెండు రోజులకు ఆయన సర్దారు. నగదు తేవద్దని, బ్యాంకు ద్వారా పంపమని అడిగించాను. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, బంధువుల మధ్యయినా సరే.

నగల కొట్టులో ఏం జరిగిందో ఆమె నాకు వరసగా చెప్పింది. నాలుగు గాజులు 20 గ్రాములు తూగాయి, తాకట్టు రసీదులో ఉన్న నికర బరువే. కానీ అవి ఊళ్లో కంసాలి చేసిన పాత గాజులు, హాల్‌మార్క్ లేదు. పరీక్షిస్తే స్వచ్ఛత 86 శాతం తేలింది. 22 కేరట్లంటే 91.6 ఉండాలి. అంటే 20 గ్రాములు లెక్కకు 18.8 గ్రాములైంది. దానిమీద తరుగు మూడు శాతం. మొదటి కొట్టులో తరుగు ఆరు శాతం అన్నారట. ఆమె గాజులు మళ్లీ సంచిలో వేసుకుని రెండో కొట్టుకు వెళ్లింది. చివరికి ఖాతాలో పడినది లక్షా అరవై ఐదు వేల ఏడు వందలు. అదే రోజు బావగారికి తిరిగి వెళ్లింది.

తర్వాతి కథ దాచను. అక్టోబరు నాటికి బంగారం గ్రాము 11 వేలు దాటింది. ఆమె ఫోన్ చేసి, "ఆగి ఉంటే ముప్పై, నలభై వేలు ఎక్కువ వచ్చేవి కదా మేడమ్" అంది. వచ్చేవి. జులైలో ఆ సంగతి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. పడిపోయి ఉంటే నన్ను ఎవరూ అడిగేవారు కాదు. ఇంటికి వచ్చిన 26 గ్రాములు కూడా అదే ధరకు పెరిగాయని గుర్తు చేశాను. వడ్డీ కట్టలేక ఆ ఏడాదీ తిరగరాసి ఉంటే ఆ పెరుగుదలను చూపించి ఇంకో లక్ష అప్పు ఇచ్చేవారు, వీరు తీసుకునేవారు కూడా. నాకు భయం వేసేది అక్కడే.

కార్డు, పాలసీ

కార్డుకు కావలసిన చవక సొమ్ము ఇంట్లోనే ఉంది. ఆరేళ్ల క్రితం ఆమె పెదనాన్నగారి అబ్బాయి కట్టించిన జీవిత బీమా పొదుపు పాలసీ: ఇరవై ఏళ్లు, మూడు లక్షలు, ఏడాదికి 14,400. ఆరేళ్లలో కట్టినది 86,400. మధ్యలోనే రద్దు చేసుకుని సొమ్ము వెనక్కి తీసుకుంటే, అంటే సరెండర్ చేస్తే, వచ్చేది 48 వేల దగ్గర. సరెండర్ చేయించలేదు. ఆ విలువ మీద పాలసీ రుణం 40 వేలు తీయించాను. వడ్డీ ఏడాదికి తొమ్మిదిన్నర శాతం, అంటే నూటికి ఎనభై పైసలు. ఆ నలభై వేలూ కార్డుకు వెళ్లాయి. నాలుగు రూపాయల పాతిక ఉన్నచోట ఎనభై పైసలు.

మిగిలిన 46 వేల బాకీని కార్డు సంస్థతోనే మాట్లాడి పద్దెనిమిది నెలల వాయిదాలకు మార్చారు. ఏడాదికి 16 శాతం. వడ్డీ మీద జీఎస్టీ కలిపినా రూపాయిన్నర దగ్గరే. వాయిదా దాదాపు 2,900. ఈ సౌకర్యం చాలా కార్డులకు ఉంది. అడిగేదాకా అది మన కంట పడదు.

పాలసీకి ఇక ప్రీమియం కట్టకుండా పెయిడప్ చేయించాను. ఇరవైలో ఆరేళ్లు కట్టారు కనుక మూడు లక్షలు 90 వేలకు తగ్గుతుంది, అప్పటిదాకా చేరిన బోనస్‌తో కలిసి గడువు తీరాక చేతికి వస్తుంది. రుణం మీద వడ్డీ ఏటా 3,800 మాత్రం తప్పకుండా కట్టాలి, లేకపోతే అది పెరిగి పాలసీనే మింగేస్తుంది. ఇంకో మూడు నాలుగేళ్లలో గడువు తీరే పాలసీ ఉన్నవారికి నేను ఈ సలహా ఇవ్వను. ఇక్కడ పద్నాలుగేళ్లు మిగిలి ఉంది, పైగా ఇద్దరు పిల్లలున్న ఇంటికి మూడు లక్షల బీమా ఏ మూలకూ చాలదు. దాని స్థానంలో ఆయన పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (పొదుపు లేని, మరణానికి మాత్రమే ఇచ్చే బీమా), ఏడాదికి సుమారు తొమ్మిది వేలు. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పోయింది, వీరు అక్టోబరులో తీసుకున్నారు కాబట్టి ఆ 18 శాతం పడలేదు. అప్పటిదాకా ఖాళీ ఉండకూడదని జులైలోనే ఇద్దరినీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (ఏడాదికి 436), సురక్షా బీమా (ఏడాదికి 20) పథకాల్లో చేర్పించాను. ఒక్కోదానికి రెండేసి లక్షలు, మొదటిది ఏ మరణానికైనా, రెండోది ప్రమాదానికి.

పెదనాన్నగారి అబ్బాయి మాటలు మానేశారు. దానికి నా దగ్గర లెక్క లేదు.

ఆమె పుస్తకం

యాప్ రుణాన్ని త్వరగా దించడానికి ఆర్‌డీ మూసేద్దామని ఆయనే అన్నారు. మూడేళ్లు దాటింది కనుక మూయవచ్చు, పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే ఇస్తారు. లెక్క ప్రకారం మూసేయాల్సిందే: ఇటు వచ్చేది నూటికి దాదాపు అర్ధరూపాయి, అటు పోయేది రెండున్నర రూపాయలు. నేను వద్దన్నాను. ఆ ఇంట్లో అత్యవసరానికి ఉన్న సొమ్ము అదొక్కటే. అది పోతే తర్వాతి జ్వరం, తర్వాతి బండి రిపేరు మళ్లీ కార్డు మీదికే వస్తాయి. అవసరమైతే ఆర్‌డీలో ఉన్నదాంట్లో సగం దాకా పోస్టాఫీసే అప్పిస్తుంది, వడ్డీ ఆర్‌డీ మీద రెండు శాతం ఎక్కువ. ఇంకో కారణం కూడా ఉంది. ఆయన దాచిన అప్పును ఆమె దాచిన పొదుపుతో తీర్చడం ఆ జంటకు మంచిది కాదనిపించింది.

అయితే ఆమె దగ్గర ఇంకో పుస్తకం ఉంది, కుట్టుపని బాకీల పుస్తకం. జాకెట్టుకు ఇంత, ఫాల్‌కు ఇంత అని రాసి, ఎదురుగా "తర్వాత" అని రాసుకున్నవి. కూడితే పదకొండు వేలు దాటింది. వీధిలో, అపార్ట్‌మెంట్లలో తెలిసినవారే. రెండున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్న ఇల్లు, వడ్డీ లేకుండా పదకొండు వేలు అప్పిచ్చి కూర్చుంది. "అడిగితే మళ్లీ రారేమో" అని ఆమె భయం. శ్రావణం గిరాకీ మొదలవుతున్న సమయం. "పాత బాకీ ఇస్తేనే వరలక్ష్మీ వ్రతానికి జాకెట్టు" అని చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఎనిమిదిన్నర వేలు వచ్చాయి. ఇద్దరు రావడం మానేశారు, ఆ ఇద్దరివే పెద్ద బాకీలు. ఇప్పుడు గోడ మీద ధరల పట్టీ ఉంది, దాని కింద ఫోన్‌తో చెల్లించే క్యూఆర్ కాగితం ఉంది.

ఆ ఎనిమిదిన్నర వేలు, ఆయన దసరా బోనసులోంచి పదిన్నర వేలు కలిపి అక్టోబరులో యాప్ రుణాన్ని ముందస్తు రుసుముతో సహా మూసేశారు. నెలకు 2,600 ఖాళీ అయింది.

సంక్రాంతి నాటికి

జులై తర్వాతి లెక్కలో నెలసరి అప్పులు, బీమా కలిపి 15 వేల దగ్గరకు వచ్చాయి. ఆదాయం, ఖర్చు ఒకటికొకటి సరిపోయాయి, అంతే. అప్పుడు ఒక చిన్న బీట పడినా మళ్లీ కార్డే దిక్కు. యాప్ రుణం పోయాకే ఊపిరి అందింది. ఆ 2,600 ఇప్పుడు రెండు చోట్లకు వెళుతోంది: 1,600 వేరే పొదుపు ఖాతాకు, అది జూన్ ఫీజుల కోసం, వెయ్యి చదివింపుల కోసం. చదివింపులను ఖర్చుల పట్టికలో పెట్టమన్నప్పుడు ఆయన నవ్వారు. కానీ కార్తీకంలో ఆమె తమ్ముడి గృహప్రవేశం వచ్చింది, బట్టలు, చదివింపులు కలిపి పదివేలు. ఆరు వేలు కార్డు మీద పెట్టారు. గడువు తేదీకి ముందే మొత్తం కట్టేశారు, అందుకు మార్గశిరంలో ఆమె రాత్రుళ్లు కూర్చుని కుట్టవలసి వచ్చింది. ప్రణాళిక బాగా పనిచేసిందని నేను చెప్పుకోలేను. ఆమె మిషను పనిచేసింది.

బండికి ఇంకా ఎనిమిది వాయిదాలు, కార్డుకు పన్నెండు, చీటీకి పద్నాలుగు ఉన్నాయి. బండి వాయిదా తీరగానే ఆ 3,325 బావగారి అసలుకు మొదలవుతుంది.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న వాదన వేరే. ఈ చీటీ అయ్యాక ఇంకో రెండు లక్షల చీటీ కడతానని, బావగారి లక్ష ఒకేసారి అక్కడి నుంచి ఇచ్చేస్తానని ఆయన పట్టుబడుతున్నారు. నెలనెలా మూడు వేలు పంపడం కంటే ఒక్కసారి లక్ష చేతిలో పెట్టడమే ఆయనకు గౌరవం. ఆమెకు ఇష్టం లేదు. నేను రెండు షరతులు రాసిచ్చాను: చీటీ రిజిస్ట్రేషన్ వివరాలు చూపించాకే చేరాలి, ముప్పయ్యో నెలకు ముందు పాట పాడకూడదు. రెండో షరతు దగ్గర ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.